తోడమ్మ చిటికెన వేలు

వెలుగు, 1వ రోజు

పొద్దున్నే పొద్దు పొడిచింది. ఈ మాట వింటే భూమ్మీదవాళ్ళు నవ్వుతారట, పొద్దున కాక ఇంకెప్పుడు పొడుస్తుందని. వాళ్ళకేం, రోజూ పొడుస్తుంది. చంద్రుడి మీద మాకు పద్నాలుగు రోజులు వెలుగు, పద్నాలుగు రోజులు చీకటి. మా అద్దరి ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఇదేమీ వింతగా ఉండదు. నాకూ ఉండదు, కానీ పొద్దు పొడిచిన రోజు మాత్రం కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడకుండా ఉండలేను.

ఆ నిమిషమే నాకు తీరిక. తర్వాత నూట ముప్పై ఇళ్ళవాళ్ళు గిన్నెలు కడుక్కుని తోడు గది ముందు వరసలో నిలబడ్డారు. పాత తోడు ఖర్చుచేసేసి, వెలుగొచ్చిన రోజున కొత్త తోడు నా చేతి మీదుగా తీసుకెళ్ళడం అరవై ఏళ్ళ ఆచారం. మొదటి ఓడలో పెద్దలు భూమి నుంచి మూత బిగించి తెచ్చిన పెరుగు వంశమే ఇది, ఇప్పటిదాకా తెగలేదు. మా అత్తగారి తర్వాత ఇరవై రెండేళ్ళుగా నేనే తోడమ్మని. మంగతాయారు అని పిలిస్తే ఎవరినో అనుకుని నేనే వెనక్కి చూస్తాను.

ఈసారి తోడు కాస్త జిగురుగా ఉందని ఎస్తేరు అంది. ఎస్తేరు నాతో పనిచేసే మనిషి, మీటర్లూ అంకెలూ ఆమె బాధ్యత. కొత్త పాలు కదా, సర్దుకుంటుందిలే అన్నాను.

ఒక్క గిన్నె తక్కువ వచ్చింది. పోలినాయుడిది. ఊరి కరెంటు పనులు చూసే మనిషి. పోయిన వెలుగులోనూ రాలేదు. రెండు చీకట్ల కిందట, దీపాలు పెట్టాక ఖాళీ గిన్నెతో వచ్చి తోడు అడిగాడు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదని ఈ ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు. ఇవ్వనన్నాను. మర్నాడు మా గదిలో ఫ్యాను బాగుచేసి వెళ్ళాడు, అతను వెళ్ళాక చూస్తే రెండో బానలో గరిటెడు పెరుగు తగ్గింది. నేను అడగలేదు, అతను చెప్పలేదు. అప్పటి నుంచి ఎదురుపడితే ఇద్దరమూ గోడల్ని చూసుకుంటూ వెళ్తాం.

వెలుగు, 3వ రోజు

మావి ఆరు బానలు. పాలు తయారుచేసే మర నుంచి వచ్చిన పాలు కాచి, చల్లార్చి, తోడు వేసి, మూత బిగించి, లోపలున్న గాలి లాగేస్తాం. ఇక్కడ గాలి మనుషులకే బొటాబొటీగా సరిపోతుంది, పెరుగుకెందుకు. బడికీ, ఆసుపత్రికీ, పనిచోట్లకీ బానల పెరుగు వెళ్తుంది. ఇళ్ళలో ఎవరి గిన్నె వాళ్ళదే.

పాల వేడి చూడడానికి గోడ మీద మీటరుంది. నేను దానివైపు చూడను. చిటికెన వేలు పాలలో ముంచి, వేలు ఓర్చుకుంటే తోడు వేస్తాను. మా అత్తగారూ అంతే. ఆవిడ వేలు పెట్టిన పెరుగు ఒక్కనాడూ పాడవలేదు.

ఈరోజు పాడైంది. నాలుగో బాన మూత తీసి ఎస్తేరు నన్ను పిలిచింది.

"పిన్నిగారూ, పెరుగు తీగలు సాగుతోందండీ."

"ఎంత సాగుతోందేంటి?"

"గరిటె నా తలమీదకెత్తినా తెగట్లేదండీ."

మా దగ్గర ఏదైనా మెల్లగా పడుతుంది. ఆ తీగలు మెల్లగా ఊగుతూ దిగుతుంటే చూడడానికి బాగానే ఉన్నాయి, వాసనకే నిలబడలేకపోయాం. బాన ఒంపేసి ఆవిరి పట్టించాను. కారణం ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. ఆలోచన వస్తే పెదవి కింద చిటికెన వేలు దూర్చి పై చిగురు నొక్కుకోవడం ఈమధ్య అలవాటైంది. పోయిన చీకట్లో అక్కడొక చిన్న కురుపు లేచింది. నొప్పీ గిప్పీ లేదు, నొక్కితే మెత్తగా దిగుతుంది, నోట్లో కాస్త ఉప్పగా అనిపిస్తుంది. కూర్చుని ఆలోచించేవాళ్ళకి చేతిలో ఏదో ఒకటి ఉంటే మంచిదే.

వెలుగు, 5వ రోజు

మూడు బానలు పోయాయి. ఇళ్ళ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. బడి మాస్టారు వచ్చి, పిల్లలు పెరుగుతో తాళ్ళు పేనుతున్నారని చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పాడు, నేను నవ్వలేదు. రెండో వరస ఇళ్ళలో ఉండే కోటమ్మగారు గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టి, ఏమీ మాట్లాడకుండా తిరిగి తీసుకెళ్ళింది. నాలుగు మాటలన్నా ఇంతకంటే నయంగా ఉండేది.

ఎంగిలి విషయంలో నేనెంత కచ్చితమో ఊరందరికీ తెలుసు. రుచి చూసిన చెంచా మళ్ళీ బాన దరిదాపులకి రానివ్వను. నా గదిలో దగ్గితే బయటికి పంపుతాను. పోయినేడు ఎస్తేరు ముక్కు తుడుచుకుందని రోజంతా చేతులు కడిగించాను. అలాంటి గదిలో పెరుగు కుళ్ళడమేమిటి? ఈరోజు గరిటెలన్నీ ఉడకబెట్టాం, గొట్టాలన్నీ విప్పి కడిగాం. పాలు మళ్ళీ కాచాం. నా వేలు పెట్టి వేడి చూసి, నా చేత్తో తోడు వేసి మూత బిగించాను. ఈసారి చూద్దాం.

వెలుగు, 6వ రోజు

ఆరు బానలూ పోయాయి.

వెలుగు, 7వ రోజు

దొంగని కనిపెట్టాను. ఫ్యాను. దాన్ని బాగుచేసిందెవరు? పోలినాయుడు. ఫ్యానులో ఏ మురికి పెట్టి వెళ్ళాడో, అది రెక్కల వెంట తిరిగి తిరిగి నా బానల్లో పడుతోంది. గరిటెడు పెరుగు తీసినవాడికి ఇదెంత పని.

ఊరి సంఘానికి రెండు పేజీల ఫిర్యాదు రాసి ఇచ్చి వస్తుంటే వాడే ఎదురయ్యాడు, భుజాన నిచ్చెనతో. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా ఫ్యానుని ఏం చేశావు నాయుడూ?" అన్నాను. రెండు నెలల్లో అతనితో నేనన్న మొదటి మాట అది.

"బాగుసేసినానమ్మా. తిరగతన్నేదేటి?"

"తిరుగుతోంది. పెరుగు కుళ్ళిపోతోంది."

"ఫ్యానుకీ పెరుక్కీ ఏటి సంబందమమ్మా?" అని నా మొహంకేసి పరీక్షగా చూశాడు. "తమరి బుగ్గ వాసినట్టుంది. సూపించుకోండి."

మాట మార్చడంలో ఘనుడు. నా బుగ్గ సంగతి నీకెందుకని వచ్చేశాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కుడిబుగ్గ నిజంగానే కాస్త ఉబ్బింది. కోపం వల్ల అయ్యుంటుంది.

వెలుగు, 9వ రోజు

ఎస్తేరు ఫ్యాను విప్పి, కడిగి, మూటగట్టి బయట పెట్టేసింది. ఫ్యాను లేకుండా పెట్టిన పెరుగూ కుళ్ళింది. ఫ్యాను కాదేమోనండీ అంది ఎస్తేరు నెమ్మదిగా. నేను గరిటెలు మళ్ళీ ఉడకబెట్టమన్నాను.

సంఘం నుంచి కాగితం వచ్చింది. పొద్దు గూకి దీపాలు పెట్టేలోగా నా దగ్గర మంచి తోడు ఉండాలట. లేకపోతే తోడు గది మూసేసి, డిపో నుంచి పొడి తోడు పొట్లాలు తెప్పిస్తారట. ఆ పొడితో చేసిన పెరుగు ఒకసారి తిన్నాను. పుల్లగా ఉంటుంది, పెరుగులాగా కూడా ఉంటుంది, కానీ తిన్నాక పెరుగు తిన్నామన్న తృప్తి ఉండదు.

నిజం రాసుకుంటాను, ఈ పుస్తకం ఎవరు చదువుతారు గనక. నాకు భయంగా ఉంది. మా అత్తగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని, వంశం తెగనీకు అన్నారు. మా వంశం గురించి కాదు, మాకు పిల్లల్లేరు. తోడు గురించే అన్నారు. అరవై ఏళ్ళు నడిచినది నా చేతిలో ఆగిపోతుందా అనుకుంటే ముద్ద దిగడం లేదు. దిగడానికి అందులో పెరుగూ లేదు.

వెలుగు, 11వ రోజు

బుగ్గ పూర్ణం బూరెలా అయింది. ఎడమవైపు నమలడం ఎప్పటి నుంచో అలవాటే, ఇప్పుడు అటు కూడా కుదరడం లేదు. ఎస్తేరు నన్ను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పనిలో పనిగా కుళ్ళిన పెరుగు ఒక సీసాలో పట్టుకొచ్చింది, అదేమిటో కూడా చూడమని.

డాక్టరు నస్రీన్ మూడూళ్ళకీ కలిపి ఒక్కతే. పళ్ళూ ఆమే చూస్తుంది, కాన్పులూ ఆమే చేస్తుంది. కర్నూలు వైపు మనుషుల కూతురు. నా పెదవి ఎత్తి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉండాదమ్మా ఈ కురుపు?"

"పోయిన చీకటి నుంచి. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను."

"నొప్పి ఎట్లుంటుంది? పన్ను చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో. దెబ్బేమన్నా తగిలిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ళ కిందట గది మెట్ల మీద తూలి బాన అంచుకి మూతి కొట్టుకున్నాను. కోరపన్ను పక్క పన్ను నాలుగు రోజులు సలిపి ఊరుకుంది. బాగైపోయింది అనుకున్నాను. లోపల నరం చచ్చిపోయి ఊరుకుందట. ఫొటో తీసి చూపించింది. ఆ పన్ను వేరు కొసన నల్లగా, గుండ్రంగా, రేగిగింజంత సంచీ. ఏళ్ళ తరబడి అక్కడ నీరు నింపుకుని చడీచప్పుడు లేకుండా పెరిగింది. పోయిన చీకట్లో దాంట్లోకి సూక్ష్మజీవులు చేరి చీము పట్టింది. ఆ చీము ఎముకలోంచి దారి చేసుకుని చిగురు మీదికి వచ్చింది. నేను ఆలోచనకి సాయం అనుకుని నొక్కుకుంటున్నది ఆ దారి మూతినే.

ఇంతవరకూ బాగానే ఉంది, ఊళ్ళో ఎవరికి రాలేదు పంటి జబ్బు. తర్వాత డాక్టరు నా చీము చుక్క ఒక గాజు ముక్క మీద, ఎస్తేరు సీసాలో పెరుగు ఇంకో గాజు ముక్క మీద పెట్టి, మైక్రోస్కోపులో మార్చి మార్చి చూసింది. చూసి నన్నూ చూడమంది. రెండిటిలోనూ ఒకటే. సన్నటి పుల్లల్లాంటివి, గుంపులు గుంపులు.

"వీటికి గాలి గిట్టదు. పంటి వేరు కొసన సంచీలో గాలి లేదు, హాయిగా బతికినాయి. మీ బానల్లో గాలి లాగేస్తారు కదా. వాటికి పుట్టింటికి పోయినట్టుంటుంది. అయితే నోట్లోంచి బానలోకి ఎట్ల పోయినాయి?"

నేను ఆలోచనలో పడ్డాను. ఆలోచనలో పడి, అలవాటు ప్రకారం చిటికెన వేలు పెదవి కిందికి పెట్టాను.

డాక్టరు నా వేలికేసి చూసింది. ఎస్తేరు నా వేలికేసి చూసింది. నేనూ చూసుకున్నాను. గోడ మీద మీటరు వద్దని ఇరవై రెండేళ్ళుగా ప్రతి బానలో ముంచుతున్న వేలు అది. నా తల తీసేసినట్టయింది. ఊరందరి ఎంగిలి కాపలా కాసినదాన్ని, నా ఎంగిలి, ఎంగిలి కూడా కాదు నా చీము, నూట ముప్పై ఇళ్ళకి పంచిపెట్టాను.

ముందుగా నవ్వింది ఎస్తేరే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. తర్వాత డాక్టరు. ఏడవాలో నవ్వాలో తెలియక నేనూ నవ్వబోయాను, బుగ్గ ఒప్పుకోలేదు.

వెలుగు, 12వ రోజు

పన్ను తీయలేదు. వెనక నుంచి చిన్న కన్నం చేసి, లోపలి కాలవ శుభ్రం చేసి, మందు పెట్టింది. చీమంతా దిగిపోయాక బుగ్గ తేలికైంది. సంచీ కొన్ని నెలల్లో తగ్గిపోవచ్చట, తగ్గకపోతే కోసి తీస్తుందట. మింగడానికి మాత్రలిచ్చింది, రబ్బరు తొడుగుల డబ్బా కూడా ఇచ్చింది. అది తనే నాకు ఎదురిచ్చే ఫీజు అంది. ఊరివాళ్ళ సంగతీ అడిగాను. పాడైనవి ఎవరూ తినలేదు గనక భయం లేదంది, వాసనే కాపాడిందట.

సంఘానికి వెళ్ళి నా ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుని, జరిగింది చెప్పాను. దాచలేదు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. కోటమ్మగారు మొదటిసారి నోరు విప్పి, పోనీలే మంగతాయారూ, మీ పన్ను కూడా మా ఇంటి అన్నం రుచి చూసింది అంది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ ఎవరూ చావనివ్వలేదు.

బానలన్నీ ఎస్తేరు ఆవిరితో కడిగింది. పాలున్నాయి. తోడే లేదు. వెలుగొచ్చిన రోజున ఇంటింటికీ ఇచ్చింది నా తోడే, పాతది అందరూ ఖర్చుచేసేశారు. ఈ ఆచారం పెట్టినవాళ్ళకి నాలాంటిది వస్తుందని తెలియదు.

"అందరూ కాదండీ. మీ దగ్గర తీసుకోని ఇల్లు ఒకటుందండీ" అంది ఎస్తేరు.

నాకు ముందే తెలుసు. నోటితో అనడానికే నా వల్ల కాలేదు.

వెలుగు, 13వ రోజు

పోలినాయుడి ఇంటికి వెళ్ళాను. తాళం. ఒంటి మనిషి. చీకటికి ముందు బయట కరెంటు తీసే ఎండ పలకలన్నీ మడవాలి, రేపు పొద్దు గూకే వేళకి గానీ లోపలికి రాడన్నారు. తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చాను. గిన్నె పట్టుకుని ఎవరి ఇంటి ముందైనా నిలబడడం నాకిదే మొదటిసారి.

వెలుగు, 14వ రోజు

మాకు పొద్దు గూకడం మొదలైతే పూర్తిగా దిగడానికి గంట పడుతుంది. మొదలవగానే గిన్నె తీసుకుని బయల్దేరాను. పోలినాయుడు ఊరి చివర స్విచ్చు గదిలో ఉన్నాడన్నారు. దారిపొడుగునా జనం తోడమ్మ ఖాళీ గిన్నెతో పోతోందని తలుపులు తీసి చూశారు. చూడనీ అనుకున్నాను.

స్విచ్చు గది వెచ్చగా ఉంది. పోలినాయుడు స్టూలు మీద కూర్చుని క్యారేజీ విప్పి పెరుగన్నం తింటున్నాడు. పక్కన, వేడిగా ఉండే ఇనప పెట్టె మీద గిన్నెలో పెరుగు. చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంది. పదిరోజుల తర్వాత అలాంటి పెరుగు చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటమ్మా, గిన్నెట్టుకొచ్చినారు?"

"తోడు కావాలి నాయుడూ."

అతను కిటికీలోకి చూశాడు. సూర్యుడు గోరంత మిగిలి ఉన్నాడు.

"పొద్దు గూకిపోతన్నాది గదమ్మా. దీపాలెట్టీసినాక ఇయ్యకూడదని తమరే సెప్పినారు."

"చెప్పాను."

"ఆ దినం నా పెరుగు ఇరిగిపోనాది. నానెందుకు ఆలీసంగా ఒచ్చినానో తమరడగనేదు."

అడగలేదు. అప్పుడు చూశాను, అతని మోచేతి పక్కన ఎర్ర పిడి ఉన్న పెద్ద స్విచ్చు. ఊరి దీపాలన్నిటికీ అదొక్కటే. పొద్దు గూకే రోజు ఆఖరి వెలుగు పోయేదాకా అతను ఈ స్టూలు మీదే కూర్చోవాలి, స్విచ్చు వేశాకే కదలాలి. ఊళ్ళో ఎవరైనా దీపాలకి ముందు నా దగ్గరికి రాగలరు, దీపాలు పెట్టే మనిషి తప్ప. ఇరవై రెండేళ్ళలో నాకీ మాట ఒక్కసారి కూడా తట్టలేదు. నా పన్ను చేసిన పనికంటే దీనికే ఎక్కువ సిగ్గనిపించింది.

"తప్పు నాది" అన్నాను. "ఆ రోజూ నాదే, ఇప్పుడూ నాదే. పెరుగు పాడుచేసింది నీ ఫ్యాను కాదు, నా పన్ను."

"ఇన్నానమ్మా. బయట పలకల కాడుంటే రేడియోలో సెప్పినారు." నవ్వు ఆపుకోవడానికి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది మింగాక మొహం మామూలుగా పెట్టి, "గరిటెడు తీసిన మాట నిజమేనమ్మా. పెరుగు నేకపోతే నాకు ముద్ద దిగదు. అడగనేక తీసీసినాను" అన్నాడు.

"మంచి పని చేశావు."

ఆ గోరంత వెలుగూ పోయింది. గది, గది బయట దారి, ఊరు అన్నీ మసకలోకి వెళ్ళిపోయాయి. ఇంక అయిపోయిందనుకున్నాను. గిన్నె కొంగులో పెట్టుకుని వెనక్కి తిరగబోయాను.

పోలినాయుడు స్విచ్చు వేయలేదు. తాపీగా చెయ్యి కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు.

"కూకోండి. దీపాలెట్టేది నానే గదా. ఎట్టినాక గదేటి ఇయ్యకూడదు."

గోడలోని మాటల పెట్టెలోంచి ఎవరో, నాయుడూ దీపాలేవయ్యా అని అరిచారు. ఎడతాను, ఒక్క నిమిషం ఆగండి అన్నాడు. కిటికీలోంచి భూమి వెలుగు పడుతోంది, చేతులు కనిపించేంత. ఆ వెలుగులో తన గిన్నెలో పెరుగంతా నా గిన్నెలోకి ఒంపాడు, అంచుల్ని చెంచాతో గీకి మరీ. తనకి చుక్క ఉంచుకోలేదు. అదేమిటని నేను అడిగేలోగా మూత పెట్టి నా చేతుల్లో పెట్టి, అప్పుడు ఎర్ర పిడి కిందికి లాగాడు.

ఊరు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెలిగింది. తన పుస్తకంలో స్విచ్చు బిగిసిందని రాసుకున్నాడు. నా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

చీకటి, 1వ రోజు

నిన్న వేడి మీటరుతోనే చూశాను. నలభై రెండు. తొడుగులు వేసుకుని తోడు వేశాను, చిటికెన వేలికి ఒకటి ఎక్కువే తొడిగాను. ఈ పొద్దున మూతలు తీస్తే ఆరు బానలూ గట్టిగా తోడుకున్నాయి. గరిటె ఎత్తితే ముక్క ముక్కగానే తెగింది. ఎస్తేరు రుచి చూసి, చెంచా దూరంగా పెట్టి, పాతదేనండీ అంది. సంఘంవాళ్ళు కూడా తిని, కాగితం చించేసి వెళ్ళారు.

గది బయట చప్పుడైతే చూశాను. నూట ముప్పై ఇళ్ళవాళ్ళు గిన్నెలతో వచ్చారు, కానీ ఎవరూ వరసలో నిలబడలేదు. దూరంగా గోడకి ఆనుకుని నా మొహం, నెత్తిమీద వెలుగుతున్న దీపాలు మార్చి మార్చి చూస్తున్నారు. ఇంకా పదమూడు రోజుల చీకటి ఉంది.

మొదటి గిన్నె నింపి, వాళ్ళందరి మధ్య నుంచి నడుచుకుంటూ స్విచ్చు గదికి వెళ్ళాను. వాళ్ళూ నా వెనకే వచ్చారు. పోలినాయుడు గిన్నె చూసి లేచి నిలబడ్డాడు గానీ చెయ్యి చాచలేదు.

"దీపాలెలుగుతున్నాయి గదమ్మా" అన్నాడు.

వెలుగుతున్నాయి. తోడు అతని చేతిలో పెట్టి, ఇంక వరసలో నిలబడండని వెనక ఉన్నవాళ్ళకి చెప్పాను.